జెట్ మీది అంకె

ఫిబ్రవరి 3

ఏడు నెలల తర్వాత షెడ్డు తలుపు తీశాం. గొళ్ళెం తుప్పు పట్టి కదల్లేదు. అమ్మాయి కాలితో తన్నింది.

బండి దుప్పటి కింద, మా ఆవిడ పోయిన రోజు కప్పినట్టే ఉంది. ఎండిన ట్యాంకులో నూనె కలిపిన పెట్రోలు పోసి తన్నితే నాలుగోసారికి అందుకుంది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. ఏమీ మారలేదు.

మార్చి 17న కొండ మీద మోటారుసైకిల్ పందెం. అమ్మాయి పేరు ఇచ్చేసిందట. నన్ను అడగలేదు, చెప్పింది. మొదటి ముగ్గురిలో వస్తే జట్టులోకి తీసుకుంటారు. పోయినేడు నాలుగో స్థానం.

"నువ్వే చూడాలి నాన్నా. మీదున్నవాళ్ళకి ఇంజను సరిగ్గా వినపడదు. అమ్మలాగా నువ్వు బయట నిలబడి విని, జెట్ మార్చాలి."

"మీ మామయ్య ఉన్నాడుగా."

"మామయ్య వింటాడా? మాట్లాడతాడు."

సరే అన్నాను.

ఫిబ్రవరి 5

మా ఆవిడ పుస్తకం చదివాను. నల్ల అట్ట, ప్రతి పేజీ మూల మీద గ్రీజు వేలిముద్ర.

జెట్ అంటే చిటికెనవేలి గోరంత ఇత్తడి మర. మధ్యలో సన్నటి రంధ్రం. కార్బురేటర్ అడుగున బిగిస్తారు. ఇంజనుకి వెళ్ళే పెట్రోలు అందులోంచే వెళ్ళాలి. తల మీద ఒక అంకె కొట్టి ఉంటుంది. అది రంధ్రం వెడల్పు, మిల్లీమీటరులో వందో వంతుల్లో. 172 అంటే 1.72 మిల్లీమీటర్లు. తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నవాణ్ణి, నా ఇంట్లోనే ఇంత చక్కటి కొలత ఒకటి ఉందని తెలియదు. తను చెప్పే ఉంటుంది.

జెట్ పెద్దదైతే పెట్రోలు ఎక్కువ. తన భాషలో బండి "తడి". గుడగుడలాడుతుంది, బద్ధకిస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది. చిన్నదైతే "ఎండు". ఈ బండికి నూనె పెట్రోల్లోనే ఉంటుంది కాబట్టి పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. పిస్టన్ వేడెక్కి ఉబ్బి, సిలిండరులో పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది.

తను రాసిన వాక్యం: "ఎండు బండి భలే పరిగెడుతుంది. మురిసిపోకు. పట్టేసే ముందే భలే పరిగెడుతుంది."

పోవడానికి ముందు వారం తను షెడ్డంతా కడిగింది. మేడ మెట్లు రెండేసి ఎక్కింది.

మొదటి పేజీలో మూడు నియమాలు. ఒకటి, నడిపే మనిషి జెట్ ముట్టుకోకూడదు. రెండు, ఎర్ర గుడ్డ ఊపితే ఏమీ అడక్కుండా క్లచ్ పట్టి ఆపెయ్యాలి. మూడు, జెట్‌కి డ్రిల్లు పెట్టకూడదు. పెడితే అంకె అబద్ధమవుతుంది.

జెట్లు మాత్రల డబ్బాలో ఉన్నాయి. సోమ, మంగళ అని ఏడు గడులు. డాక్టరు గుండె మాత్రల కోసం ఇప్పించాడు. తను మాత్రలు మానేసి జెట్లు వేసుకుంది. అప్పుడు చూసి నేను నవ్వాను.

ఫిబ్రవరి 9

ఇటుకల బట్టీ వెనక ఖాళీ నేల. మంగళవారం గడిలోంచి 172 తీసి బిగించాను. మైదానానికి 172, కొండ మీద గాలి పలచన కాబట్టి రెండు మెట్లు తక్కువ, 168. పుస్తకంలో అలా ఉంది. మెట్లంటే వరసగా దొరికే అంకెలు: 175, 172, 170, 168, 165, 162.

అమ్మాయి నా ముందునుంచి మూడుసార్లు పూర్తి వేగంతో వెళ్ళింది. నాకు వినపడింది వేగం ఒక్కటే.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే?"

"బాగుంది."

"అమ్మ ఎప్పుడూ బాగుంది అనేది కాదు నాన్నా. తడి అనేది, ఎండు అనేది. బాగుందని చెప్పడానికి నువ్వెందుకు, అద్దం చాలు."

ప్లగ్ తీసి చూశాను. టీ రంగు. పుస్తకంలో చెప్పినట్టే. 172 సరైనదే.

నాలుగోసారి మలుపులో పడింది. మోచేయి కొట్టుకుపోయింది. కడుగుతుంటే "చర్మమేగా, మళ్ళీ వస్తుంది" అంది. తల్లి మాట.

ఫిబ్రవరి 10

నిద్ర బాగానే పట్టింది.

ఫిబ్రవరి 15

బావమరిది లేతు దుకాణానికి వెళ్ళాను. 1.8 డ్రిల్లు బిట్టు కావాలని అడిగాను.

"పిన్నీసంత బిట్టుతో నీకేం పని బావా? తక్కెళ్ళకి తలనొప్పా?"

"గడియారం బాగు చెయ్యాలి."

వాడు లేతు ఆపి నా వైపు చూశాడు. "మళ్ళీ గడియారమేనా" అన్నాడు. తర్వాత సొరుగు తీసి ఇచ్చాడు. "విరగ్గొడితే కొత్తది కొనిపెట్టాలి. బావవని చూడను" అన్నాడు.

మళ్ళీ ఎందుకన్నాడో తెలియదు. వాడి నోటికి అదుపు లేదు.

ఫిబ్రవరి 16

ఒక పని చేశాను.

ఫిబ్రవరి 17

ఇది నేను తప్ప ఎవరూ చదవని డైరీ. ఇక్కడ దాచడం దండగ.

172 జెట్‌ని మా ఆవిడ బల్ల మీది చిన్న వైస్‌లో బిగించి 1.8 బిట్టు చేత్తోనే తిప్పాను. ఇత్తడి మెత్తన, పెద్దగా కష్టపడలేదు. నా తనిఖీ సంచిలో గేజు పుల్లలు ఉంటాయి. సన్నటి ఉక్కు పుల్లలు, ఒక్కోదానికి మిల్లీమీటరులో వందో వంతు తేడా. 1.80 పుల్ల బిగుతుగా దిగింది. తల మీద 172 అనే ఉంది. మంగళవారం గడిలో పెట్టేశాను.

ఇప్పుడు బండి తడిగా నడుస్తుంది. తడి బండి పట్టెయ్యదు. బద్ధకంగా వెళ్తుంది. పందెంలో ఏ ఏడో ఎనిమిదో స్థానం వస్తుంది, ఇంటికొస్తుంది.

ఇది అబద్ధం కాదు. జాగ్రత్త.

ఫిబ్రవరి 19

"తడిగా ఉంది" అంది అమ్మాయి, హెల్మెట్ తియ్యకుండానే. "పూర్తి వేగంలో గుడగుడలాడుతోంది. నీకు వినపడ్డంలేదా?"

వినపడింది. నాకు మొదటిసారి స్పష్టంగా వినపడిన తేడా అది. చేసింది నేను కాబట్టేమో.

"లేదే" అన్నాను.

"172యేనా పెట్టావు?"

తీసి చూపించాను. అంకె చదివింది. తల ఊపింది. అంకెని నమ్మింది.

"పెట్రోలు మారిందేమో" అంది.

"అయ్యుండచ్చు."

"ఒక మెట్టు దింపుదామా?"

"అమ్మ 172 అని రాసింది" అన్నాను.

ఆ మాటకి ఇంక ఏమీ అనలేదు. అనదని తెలిసే అన్నాను.

ఫిబ్రవరి 26

మార్కెట్టులో తనిఖీ. ఒక దుకాణంలో అరకిలో రాయి అడుగున తొలిచి సీసం తీసేశాడు. పైన మా ముద్ర చెక్కు చెదరలేదు.

"నాకు తెలియదు సార్. మా నాన్నగారి నాటి రాయి."

"తొలిచింది కొత్తగా ఉంది."

"మీ ముద్ర ఉంది కదా సార్" అన్నాడు.

ఉలితో ముద్ర కొట్టేసి కాగితం రాసిచ్చాను.  

మార్చి 2

ఈ రోజు అమ్మాయి షెడ్డులో ఇంజను వదిలేసి ఫోను మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళింది. నేను లోపల పేపరు చదువుతున్నాను. ఇంజను సమంగా తిరుగుతోంది. పేపరు పడేసి పరిగెత్తాను.

షెడ్డులో ఎవరూ లేరు. ఇంజను ఆపి, కాసేపు స్టూలు మీద కూర్చున్నాను.

మా ఆవిడ పోయిన రోజు కూడా సమంగానే తిరిగింది. ఇరవై నిమిషాలో, ఇంకా ఎక్కువో. పని చేసుకుంటోంది అనుకున్నాను. పెట్రోలు అయిపోయి ఆగిపోయాక కూడా రెండు పేజీలు చదివాను.

నేను మొదటే వచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరు అన్నాడు. మంచి మనిషి.

మార్చి 8

తడి. తడి. తడి. ఇవాళ మూడుసార్లు అంది. నేను మూడుసార్లు లేదన్నాను.

"నీ చెవులు చూపించుకో నాన్నా" అంది. ఈసారి నవ్వలేదు.

మార్చి 15

బావమరిది వ్యాను తెచ్చాడు. బండి ఎక్కించారు. వాళ్ళు రెండు రోజులు ముందే వెళ్ళి కొండ మీద సాధన చేస్తారు. నాకు రేపు లారీలు తూచే వేబ్రిడ్జి తనిఖీ, ఎల్లుండి పొద్దున్నే బయల్దేరతాను.

"పెంకీ, తాళ్ళు బిగించావా? దారిలో బండి దిగి నడిచొస్తానంటే నాకు సంబంధం లేదు" అన్నాడు. తల్లి పెట్టిన పేరు పెంకి. ఇప్పుడు వాడొక్కడే అలా పిలుస్తాడు.

అమ్మాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. "168 ఎక్కడుంది నాన్నా?"

"శుక్రవారం."

అప్పుడు చెప్పాల్సింది. వ్యాను తలుపు మీద నా చెయ్యి ఉంది. అయినా, కొండ మీద 168 పెడతారు. అది నేను ముట్టనిది. నేను చెడగొట్టింది 172, దానితో అక్కడ పని లేదు. అంటే నేను చేసిందంతా వృథా, ఎవరికీ నష్టం లేదు. అలా అనుకున్నాను.

"జాగ్రత్త" అన్నాను.

"తలుపు వదిలితే వెళ్తాం బావా" అన్నాడు.

మార్చి 16, మధ్యాహ్నం

వేబ్రిడ్జి మీద ఉండగా ఫోను.

"నాన్నా, 168 కూడా తడిగానే ఉంది. బాగా తడి. కింద 172 తడి, ఇక్కడ 168 తడి. అంటే అమ్మ పుస్తకం మొత్తం రెండు మెట్లు పైనుంది. ఈ ఏడు పెట్రోలే వేరు. ఇంకో రెండు మెట్లు దింపుతున్నా. 162."

168 తడిగా ఎందుకుంటుంది? దాన్ని నేను ముట్టుకోలేదు.

"వద్దు. 168 చాలు" అన్నాను.

"ఎందుకు?"

"చాలు."

"కారణం చెప్పు నాన్నా. నీకు వినపడదు, నేను చెప్తే నమ్మవు, కారణం మాత్రం చెప్పవు."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. వేబ్రిడ్జి గుమాస్తా కాగితాలు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. అతని ముందు ఎలా చెప్పను?

"సాయంత్రం మాట్లాడదాం. అప్పటిదాకా మార్చకు" అన్నాను.

"మాట్లాడదాం" అంది. మార్చనని అనలేదు.

మార్చి 16, సాయంత్రం

ఆరు గంటలకి చేశాను. మోగలేదు. బావమరిదికి చేశాను. మోగలేదు. కొండ మీద సిగ్నల్ రాదని వాడే చెప్పాడు, మధ్యాహ్నం ఏ మలుపు దగ్గరో దొరికుంటుంది.

పదకొండుసార్లు చేశాను.

పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పైన 168 సరైనదైతే 162 ఆరు వందో వంతులు తక్కువ. నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు దారి, ఒక్కచోటా థ్రాటిల్ వదలరు. ఎడమ పక్క గోడ లేదు, పోయినేడు చూశాను. పిస్టన్ పట్టేస్తే చక్రం బిగుసుకుంటుంది. క్లచ్ అందుకోవడానికి అర సెకను.

అమ్మాయి తడి అన్న ప్రతిసారీ నేను లేదన్నాను. తన చెవిని తను నమ్మకుండా చేశాను. చివరికి తను నమ్మింది అంకెల్ని. అందులో ఒకటి నేను తొలిచింది.

నాలుగున్నరకి బయల్దేరతాను.

మార్చి 17

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదికి కొండ కిందికి చేరాను. బళ్ళు ఆపే చోటు కంచె అవతల. ఇరవై ముప్ఫై బండ్లు ఒకేసారి మోగుతున్నాయి. కారు దిగేలోపే మా బండి తెలిసింది. గుడగుడ లేదు. సన్నగా, శుభ్రంగా, గాజు మీద గీసినట్టు. భలే ఉంది.

పరిగెత్తాను. బావమరిది తాడు దగ్గర నిలబడి ఉన్నాడు, మెడలో ఎర్ర గుడ్డ.

"వచ్చావా బావా. చూడు దాని పరుగు, ఇవాళ..."

గుడ్డ లాగేశాను. "మెడ, బావా, మెడ" అన్నాడు.

అమ్మాయి సాధనలో చదును దాటి ఎక్కుడు వైపు తిరుగుతోంది. తాడు కింద నుంచి దూరి దారి పక్కకి వెళ్ళి ఊపాను. ఎవరో అరిచారు. చూసిందో లేదో తెలియలేదు. తర్వాత చప్పుడు తెగిపోయింది. క్లచ్ పట్టింది. బండి మట్టిలో జారుతూ నా ముందు నలభై అడుగుల దూరాన ఆగింది.

ఏమీ అడగలేదు. వ్యాను దాకా తోసుకొచ్చాకే హెల్మెట్ తీసింది.

"చెప్పు."

"లోపల 162 ఉందా?"

"ఉంది. మొదటిసారి నాన్నా, ఇంత భలే..." ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆ పుస్తకం నాకంటే ముందు చదివింది తను.

"మంగళవారం గడిలో ఉన్న 172 అబద్ధం. డ్రిల్లు పెట్టింది నేనే. అది 180" అన్నాను.

బావమరిది ప్లగ్ విప్పాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. సైలెన్సర్ విప్పి టార్చి పెట్టి పిస్టన్ చూశాడు. రెండు గీతలు, కొత్తవి, మెరుస్తున్నాయి.

"పైపైనే ఉన్నాయి. పై మలుపు దాకా వెళ్ళుంటే పైపైన ఉండేవి కావు" అన్నాడు. జోకు వెయ్యలేదు.

అమ్మాయి టార్చి తీసుకుని తనూ చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు చేశావు?"

"ఫిబ్రవరి పదహారు."

"నెల రోజులు."

"అవును."

"రోజూ తడి అన్నాను. రోజూ లేదన్నావు. నాకు పిచ్చేమో అనుకున్నా నాన్నా. బండి మీద నా చెవి చచ్చిపోయింది అనుకున్నా. ఎందుకు చేశావు?"

నేను ప్లగ్ గుడ్డతో తుడిచాను.

"ఎందుకేమిటే, నీకు తెలియదా?" అన్నాడు బావమరిది.

"నువ్వూరుకో మామయ్యా. ఆయనకి నోరు లేదా?"

"ఇంటికి రావాలని" అన్నాను. అంతకంటే రాలేదు.

తను మాత్రల డబ్బా తెచ్చి వ్యాను నేల మీద పెట్టింది. "అమ్మ డబ్బాలో పెట్టావు. ఇప్పుడు ఇందులో ఏది నమ్మాలి? కొలువు. అన్నీ. నేను అంకె చదువుతా, నువ్వు కొలువు. నీ ఉద్యోగం అదేగా."

మొత్తం ముప్ఫై ఒక్క జెట్లు. తనిఖీ సంచి కారులోనే ఉంది. తను చదివింది, నేను పుల్ల దించాను. ఆదివారం, సోమవారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. మంగళవారంలో నాది పక్కన పెట్టేశాం. బుధ, గురు సరే. ప్రతిదానికీ నేను "సరే" అంటున్నాను, తను తిరిగి గడిలో వేస్తోంది. మైకులో పేర్లు పిలుస్తున్నారు. తనకి పదింబావుకి.

శుక్రవారం. "నూట అరవై ఎనిమిది" అంది.

1.68 పుల్ల వదులుగా జారిపోయింది. 1.70 దిగింది. 1.72 దిగింది. 1.74 కూడా దిగింది. 1.75 బిగుతుగా నిలబడింది. భూతద్దం పెట్టి చూశాను. అంచున సన్నటి ఇత్తడి పొలుసు. డ్రిల్లు చేత్తో తిప్పితే వచ్చే పొలుసు. నెల క్రితం నా గోటికి తగిలింది అలాంటిదే.

బావమరిది కొండ వైపు చూస్తున్నాడు. మళ్ళీ గడియారమేనా అన్నాడు ఆ రోజు.

డబ్బాలో ఇంకో 168 లేదు. ఈ రోజు పందేనికి బిగించాల్సింది ఇదే. సరే అంటే చాలు. బిగిస్తుంది, తడిగా ఎక్కుతుంది, నాలుగో స్థానంలోనో ఐదో స్థానంలోనో వచ్చి హెల్మెట్ తీస్తుంది. ఎవరి పరువూ పోదు. చనిపోయిన మనిషిది అసలే పోదు. నాకు కావలసింది అంతా ఆ రెండక్షరాల్లో ఉంది.

"నాన్నా, చెప్పు."

"175" అన్నాను.

చెయ్యి చాపి జెట్ తీసుకుంది. అంకె మళ్ళీ చదివింది. "ఇది కూడా నువ్వేనా?"

"కాదు."

"మరెవరు?"

బావమరిది కొండ మీంచి చూపు తిప్పాడు. "పోయినేడు అక్క వచ్చి 1.75 బిట్టు పట్టుకెళ్ళింది. గోడ గడియారం బాగు చెయ్యాలంది. మీ ఇంట్లో గోడకి గడియారం ఎక్కడుందే అని నేను అడగలేదు. అడిగితే తంతుంది."

అమ్మాయి వ్యాను అంచున కూర్చుంది. బూట్ల మీది మట్టి గోకింది.

"పోయినేడు నాలుగో స్థానం వస్తే నాకంటే అమ్మే ఎక్కువ ఏడ్చింది. నేను ఓడిపోయినందుకనుకున్నా" అంది. కాసేపటికి, "డ్రిల్లు పెట్టకూడదని రాసింది కూడా ఆవిడే" అంది.

అమ్మాయి జెట్‌ని నా అరచేతిలో పెట్టింది.

"దొందూ దొందే" అంది. కళ్ళు తుడుచుకోలేదు. "సరే, ఇప్పుడేం పెట్టాలి? 165నా, 170నా?"

"సరైనది 168. అది మనకి లేదు. పిస్టన్ మీద గీతలున్నాయి కాబట్టి తడి వైపు వెళ్ళాలి. 170."

"భయంతో చెప్తున్నావా, లెక్కతో చెప్తున్నావా?"

"రెండూ. లెక్క ముందు."

170ని నా చేతిలోంచి లాక్కుని తనే పుల్ల దించి చూసింది. 1.70. 1.71 వెళ్ళలేదు. తిరిగి నాకిచ్చింది.

"బిగించు. నడిపే మనిషి ముట్టుకోకూడదు."

పదింబావుకి వెళ్ళింది. నేను తాడు దగ్గర నిలబడి విన్నాను. మొదటి మలుపు, రెండో మలుపు. చదునులో కొంచెం బరువుగా, తర్వాత సమంగా. కొండ వెనక్కి వెళ్ళాక చప్పుడు వినపడలేదు. బావమరిది నా భుజం పట్టుకున్నాడు, లేదా నేనే వాడిది పట్టుకున్నాను. మళ్ళీ పైన ఎక్కడో సన్నగా వినపడింది.

మూడో స్థానం.

జట్టువాళ్ళు కాగితం ఇచ్చారు. ఏడాదికి పద్దెనిమిది పందేలు, అన్నీ ఆదివారాలే.

ఇంటికి వ్యానులోనే వచ్చింది, నా కారులో ఎక్కలేదు. దారి పొడుగునా వాళ్ళ వెనకే నడిపాను.

మార్చి 18

పలకరించలేదు. అన్నం వండి మూత పెట్టి వెళ్ళింది. రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి.

మార్చి 21

పుస్తకం నా ముందు పెట్టింది. "రాయి. మొన్నటిది."

వాళ్ళమ్మ చేతిరాత కింద నా చేతిరాత. "మార్చి 17. కొండ. 170. కొలిచాను. మూడో స్థానం."

పై పేజీలో పోయినేటిది: "కొండ. 168. నాలుగో స్థానం. ఇంకా చిన్నపిల్ల. వచ్చే ఏడు చూద్దాం." 168 మీద గీత కొట్టబోయాను. తప్పు కొలత కనపడితే కొట్టెయ్యడం అలవాటు.

"కొట్టెయ్యకు. పక్కన రాయి" అంది అమ్మాయి.

"నిజానికి 175" అని పక్కన రాశాను. నా రాత కింద ఫిబ్రవరి 19 అని వేసి, "172 కాదు, 180. చేసింది నేను" అని రాశాను. చదివి, పెన్ను తీసుకుని, అడుగున మా ఆఫీసు కాగితాల్లో ఉన్నట్టే "సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టింది. ముద్ర ఒక్కటే తక్కువ అంది.

నాలుగు రోజుల్లో నాతో వేసిన మొదటి జోకు.

తొలిచిన జెట్లు రెండూ అగ్గిపెట్టెలో వేసి నా సొరుగులో పెట్టాను. నా 172 మీది అంకెని ఆకురాయితో అరగదీశాను. మా ఆవిడ 168ని ముట్టుకోలేదు.

ఏప్రిల్ 6

కొత్త పిస్టన్ వేశాక మొదటిసారి. ఇటుకల బట్టీ వెనక. ఎండ ఎక్కువ, గాలి లేదు. పద్దెనిమిదిలో మొదటి పందెం వచ్చే ఆదివారం, మైదానంలోనే. కొత్త జెట్లు వచ్చాయి, 172తో సహా. ముందు జాగ్రత్తకని 175తో మొదలుపెట్టాం.

మూడుసార్లు నా ముందునుంచి వెళ్ళింది. వచ్చి ఆగి, హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"ఎలా ఉంది?"

బాగుంది అనచ్చు. 175తో ఏ ఇంజనూ పట్టెయ్యదు.

"తడి" అన్నాను.

"ఎంత?"

"ఒక మెట్టు."

మంగళవారం గడిలోంచి 172 తీశాను. పుల్ల దించి చూశాను. జెట్‌నీ పుల్లనీ తన వైపు చాపాను. "కొలుస్తావా?"

"నువ్వు కొలిచావుగా" అంది, అద్దం దించుకుంటూ.

బిగించాను.